నాలుగో గడి రంగేమిటి?
ఒక ఆకుపచ్చ పట్టీ, మూడు ఫోన్లు, మూడు జవాబులు

— బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం, గణిత, భౌతిక, కంప్యూటర్ శాస్త్రాల విద్యార్థి

పోయిన సంచికలో మన సీనియర్లు బ్లాక్ హోల్స్ గురించీ, కృత్రిమ మేధ గురించీ వ్రాశారు. నేను వ్రాయబోయేది అంత దూరపు సంగతి కాదు. ఒక ఆకుపచ్చ రంగు పట్టీ గురించి. అది నేనే తయారు చేశాను. దానివల్ల మా ఇంట్లో ఒక బస్తా యూరియా అనవసరంగా ఖర్చు కావలసింది, తృటిలో తప్పింది. ఆ పొరపాటు ఎక్కడ జరిగిందో వెదుక్కుంటూ పోతే వెబ్ బ్రౌజర్లు రంగులను ఎట్లా కలుపుతాయన్న పాఠం నాకు అబ్బింది. ఆ పాఠాన్ని మిత్రులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మాది గద్వాల దగ్గర పల్లె. జూరాల కాలువ కింద మాకు వరి మడులున్నాయి. నాట్లు పడి పిలకలు వేసే కాలంలో మా నాయన ప్రతి పొద్దునా గట్టుమీద నిలబడి చేను రంగు చూస్తాడు. ఆకు లేతబారితే చేనుకు నత్రజని తక్కువైందని లెక్క. ముదురుపచ్చగా నిగనిగలాడితే చాలినంత ఉందని లెక్క. ఇది మా తాత నుంచి వచ్చిన చూపు. దీనినే శాస్త్రజ్ఞులు ఒక పనిముట్టుగా మార్చారు. అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ వారు ప్రచారంలోకి తెచ్చిన ఆ పనిముట్టు పేరు లీఫ్ కలర్ చార్ట్, అంటే ఆకురంగు పట్టీ. అదొక ప్లాస్టిక్ బద్ద. దానిమీద పసుపుపచ్చ నుంచి ముదురుపచ్చ దాకా వరుసగా గడులుంటాయి. నాలుగు గడులవీ ఉన్నాయి, ఆరు గడులవీ ఉన్నాయి.

వాడే పద్ధతి తేలిక. చేనులో అక్కడక్కడ పది దుబ్బులు ఎంచుకోవాలి. ఒక్కొక్క దుబ్బులో పూర్తిగా విచ్చుకున్న పై ఆకును తీసుకొని, దాని నడుమ భాగాన్ని పట్టీమీద ఆనించి చూడాలి. ఎండ నేరుగా ఆకుమీద పడకుండా మన ఒంటి నీడలో చూడాలి. ప్రతిసారీ ఒకే మనిషి, ఒకే వేళకు చూస్తే మంచిది. పది ఆకుల్లో ఆరు గానీ అంతకన్నా ఎక్కువ గానీ నిర్ణయించిన గడికన్నా లేతగా ఉంటే నత్రజని వేయాలి. లేకపోతే ఆగాలి. నాటు వరికి ఆరు గడుల పట్టీలో ఆ గడి సాధారణంగా నాలుగోది. వరి రకాన్ని బట్టీ, సాగు పద్ధతిని బట్టీ ఇది మారుతుంది.

ఆగడం చేతగాకపోతే నష్టమేమిటని పట్నం మిత్రులు అడగవచ్చు. ఇప్పుడు యూరియా బస్తా 45 కిలోలు. అందులో 46 శాతం నత్రజని, అంటే 20.7 కిలోలు. అవసరం లేనప్పుడు ఆ నత్రజని చేనులో పడితే ఆకు మెత్తబడి దోమపోటు, అగ్గితెగులు ఎక్కువవుతాయి. గాలివానకు చేను పడిపోతుంది. పైగా 2025 వానాకాలంలో యూరియా కోసం తెలంగాణ పల్లెల్లో రైతులు ఎట్లా బారులు తీరారో అందరూ చూసినదే. ఆ వరుసలో మా నాయన కూడా నిలబడ్డాడు.

నేను చేసిన ఘనకార్యం

ప్లాస్టిక్ పట్టీ మా ఇంట్లో లేదు. ఆ మాటకొస్తే మా వాడలోనే లేదు. ఫోన్లు మాత్రం అందరికీ ఉన్నాయి. "పట్టీని ఫోనులోనే పెట్టేస్తే సరి" అనుకున్నాను. కంప్యూటర్ శాస్త్రం చదువుతున్న గర్వం కూడా కొంత ఉంది. హాస్టల్లో నాతోపాటు ఉండే వనపర్తి మిత్రుడి ఫోనులో, వాడి సాయంతోనే, ఒక చిన్న వెబ్ పేజీ తయారు చేశాను. నా ఫోను అప్పటికే అద్దం పగిలి మూలన పడి ఉంది.

ఆరు గడులు విడివిడిగా గీయడం మోటుగా తోచింది. గ్రేడియెంట్ పెట్టాను. గ్రేడియెంట్ అంటే ఒక రంగు మెల్లమెల్లగా మరో రంగులోకి మారిపోవడం. పొద్దుగూకేటప్పుడు జూరాల ఆనకట్ట మీద నిలబడి పడమర ఆకాశం చూడండి. కింద నారింజ, పైన నీలం, నడుమ ఎక్కడ మారిందో చెప్పలేము. వెబ్ పేజీలో దీన్ని వ్రాయడం ఒక్క వరుస పని. ఈ కొసన ఈ రంగు, ఆ కొసన ఆ రంగు, ఈ దిక్కుగా మార్చు అని చెబితే చాలు. నడుమ రంగులన్నీ బ్రౌజరే లెక్కగట్టి పూస్తుంది. ఎడమ కొసకు లేత పసుపుపచ్చ, కుడి కొసకు ముదురుపచ్చ పెట్టి, పట్టీ కింద ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు వేశాను. మిత్రుడి ఫోనులో ఎంతో అందంగా వచ్చింది. ఇద్దరం మురిసిపోయాము.

పేజీని మా నాయనకు పంపాను. నాగర్‌కర్నూల్ దిక్కు ఉన్న మా మామకూ పంపాను. ఆయనకు కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్ళు వచ్చినప్పటి నుంచి వరి ఉంది.

మొదటి ఫిర్యాదు మామ నుంచి వచ్చింది. "అల్లుడా, ఏం పట్టీ పంపినవ్? అన్ని అంకెల మీద ఒకటే రంగుంది గద! కింద పసుపు, పైన పచ్చ. ఆకు ఏ అంకెకు ఆనియ్యాలె?" అన్నాడు.

ఆయన మాట నాకు అర్థం కాలేదు. ఫోను తిప్పి పట్టుకున్నాడేమో అనుకున్నాను.

రెండోది ఇంట్లోనే జరిగింది. ఆదివారం ఊరికి పోయినప్పుడు మిత్రుణ్ణి వెంట తీసుకుపోయాను. అప్పటికే నాయన తన ఫోనులో చూసి, ఆకు నాలుగో అంకెకన్నా లేతగా ఉందని తేల్చి, బస్తా కోసం డబ్బు తీసి పెట్టాడు. మిత్రుడు అదే ఆకును తన ఫోనులో ఆనించి చూసి, "నాలుగుకన్నా ముదురుగానే ఉంది కదా" అన్నాడు. రెండు ఫోన్లూ ఒకే కంపెనీవి, ఒకే రకానివి. పక్కపక్కన పెట్టి చూశాము. కొసల్లో రంగులు ఒకటే. నాలుగో అంకె మీద మాత్రం రెండు వేరు వేరు పచ్చలు!

నాయన మా ఇద్దరి మొహాలు చూసి, "నా ఫోను ఒకటి చెప్తది, ఆ పిల్లోని ఫోను ఇంకొకటి చెప్తది. ఇప్పుడు నేను ఎవని మాట ఇనాల?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. మరునాడు పొరుగూరి రైతు ఒకాయన దగ్గర ప్లాస్టిక్ పట్టీ ఉందని తెలిసి అడిగి తెచ్చాను. పద్ధతి ప్రకారం పది ఆకులు చూశాము. ఏడు ఆకులు నాలుగో గడికి సమానంగా గానీ ముదురుగా గానీ ఉన్నాయి. నత్రజని అక్కర లేదు. డబ్బు మళ్ళీ పెట్టెలోకి పోయింది. మిత్రుడి ఫోను చెప్పినదే నిజమైంది కదా అని వాడు సంతోషించాడు కానీ, అది కాకతాళీయమని తరువాత తెలిసింది. ఎందుకో చెబుతాను.

ఒక పేజీలో మూడు వరుసలు

గ్రేడియెంట్ కోసం నేను వ్రాసింది నిజానికి ఒక్క వరుస కాదు, మూడు. మూడూ ఒకే పని చెబుతాయని నా నమ్మకం. అవి మూడు ఎందుకయ్యాయో తెలియాలంటే కొంచెం చరిత్ర కావాలి.

మొదట్లో వెబ్ పేజీల్లో రంగు మార్పు కావాలంటే బొమ్మను గీసి అతికించేవారు. మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ బ్రౌజరులో ఇందుకోసం ఫిల్టర్ అనే సొంత పద్ధతి ఒకటి ఉండేది. 2008లో సఫారీ బ్రౌజరుకు మూలమైన వెబ్‌కిట్ బృందం వారు బొమ్మ లేకుండా గ్రేడియెంట్ వ్రాసే పద్ధతిని ప్రవేశపెట్టారు. 2010 జనవరిలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 3.6 లో మరో రకమైన వ్రాత వచ్చింది. 2011లో వెబ్‌కిట్ కూడా ఆ దారికి వచ్చింది. ఇంకా అందరూ ఒప్పుకున్న ప్రమాణం కాదు కాబట్టి ఎవరికి వారు ఆ వరుస ముందు తమ గుర్తు తగిలించేవారు. మన పల్లెల్లో ఎద్దులకు వాత వేసి ఎవరివో గుర్తు పెట్టుకున్నట్టే. తరువాత వెబ్ ప్రమాణాలు నిర్ణయించే సంస్థ వారు ఒక పద్ధతి ఖాయం చేశారు. గుర్తులు అవసరం లేకపోయింది. కానీ పాత ఫోన్లలోని పాత బ్రౌజర్లకు ఆ గుర్తు ఉన్న వరుసే తెలుసు. అందువల్ల పాతవారి కోసం ఒక వరుస, కొత్తవారి కోసం ఒక వరుస వ్రాయడం ఆచారమైంది. నేను పాత పాఠం ఒకటి చూసి ఆ రెండూ దించుకున్నాను. మూడోది నా సొంత తెలివి. దాని సంగతి తరువాత.

ఇక్కడ బ్రౌజరు గుణం ఒకటి గమనించాలి. తనకు అర్థం కాని వరుస కనబడితే అది తప్పు అని అరవదు. మారు మాట్లాడకుండా దాన్ని వదిలేసి ముందుకు పోతుంది. అర్థమైన వరుసలు ఒకటికన్నా ఎక్కువ ఉంటే అన్నిటికన్నా చివరిది పట్టుకుంటుంది. కాబట్టి ఒకే పేజీలో మామ ఫోను మొదటి వరుసను, నాయన ఫోను రెండో వరుసను, మిత్రుడి ఫోను మూడో వరుసను పట్టుకున్నాయి. ముగ్గురూ చూసింది మూడు పట్టీలు!

మామ ఫోను: తొంభై డిగ్రీలు ఏ దిక్కు?

నేను మూడు వరుసల్లోనూ "90 డిగ్రీల దిక్కుగా" అని వ్రాశాను. గణితం తరగతిలో 90 డిగ్రీలంటే ఏమిటి? కుడివైపు సున్నా. అక్కడి నుంచి గడియారపు ముల్లుకు ఎదురుగా తిరిగితే 90 వచ్చేసరికి పైకి చూస్తాము. అదే దిక్సూచి పట్టుకుంటే? ఉత్తరం సున్నా. గడియారపు ముల్లుతోపాటే తిరిగితే 90 అంటే తూర్పు, కాగితం మీద కుడివైపు.

గుర్తు ఉన్న పాత వరుసలన్నీ గణితం లెక్కనే పాటించేవి. ప్రమాణం ఖాయం చేసేటప్పుడు దాన్ని దిక్సూచి లెక్కకు మార్చారు. అంకె అదే, దిక్కు మారింది. మామ ఫోను పదేళ్ళు దాటినది. దానికి పేజీని బ్లూటూత్‌లో పంపవలసి వచ్చింది. అందులోని బ్రౌజరు పాత వరుస చదివి, రంగును ఎడమ నుంచి కుడికి కాక కింది నుంచి పైకి నడిపింది. పట్టీ అడ్డంగా, పొట్టిగా ఉంది. అందువల్ల ప్రతి అంకె మీదా అడుగున పసుపు, పైన పచ్చ. మామ చెప్పినది అక్షరాలా నిజం. తప్పు పట్టుకున్న మనిషిని నేను ఫోను తిప్పి పట్టుకున్నాడని అనుమానించాను.

నాయన ఫోను, మిత్రుడి ఫోను: నడుమ రంగు ఎవరి లెక్క?

ఇది కొంచెం లోతైన సంగతి. ఓపికగా చదవమని మనవి.

తెరమీద ప్రతి రంగునూ మూడు అంకెలతో చెబుతారు: ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత. ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా. నా పట్టీ ఎడమ కొస 190, 210, 60. కుడి కొస 20, 80, 30. ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు సమాన దూరాల్లో ఉన్నాయి కాబట్టి నాలుగో అంకె పట్టీలో 60 శాతం దూరాన పడుతుంది.

మామూలు పద్ధతిలో బ్రౌజరు ఈ అంకెలనే నేరుగా పంచుతుంది. ఎరుపు 190 నుంచి 20 కి దిగాలి, తేడా 170. అందులో 60 శాతం 102. 190 లోంచి 102 తీసేస్తే 88. ఇదే లెక్కన ఆకుపచ్చ 132, నీలం 42. నాయన ఫోనులో నాలుగో అంకె మీద ఉన్న రంగు 88, 132, 42.

ఐతే ఆ అంకెలు కాంతి పరిమాణాలు కావు. 255 అంటే పూర్తి వెలుగు కదా, 128 అంటే సగం వెలుగు అనుకుంటాము. కాదు! 128 వద్ద తెర ఇచ్చే కాంతి పూర్తి వెలుగులో సుమారు 22 శాతమే. నిజంగా సగం కాంతి కావాలంటే 188 వ్రాయాలి. మన కన్ను చీకటి ఛాయల మధ్య తేడాను బాగా పసిగడుతుంది, వెలుగు ఛాయల మధ్య అంతగా పట్టించుకోదు. అందుకని ఉన్న 256 మెట్లలో ఎక్కువ భాగం చీకటి ఛాయలకు కేటాయించారు. 1996లో హ్యూలెట్ పాకార్డ్, మైక్రోసాఫ్ట్ కంపెనీలు కలిసి ఎస్‌ఆర్‌జీబీ అనే పేరుతో ఈ అమరికను ప్రతిపాదించాయి. 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. ఇప్పటికీ వెబ్‌లో వాడుక దానిదే.

భౌతికశాస్త్రం చదివేవాడిగా నాకొక ఆలోచన వచ్చింది. రంగులు కలపడమంటే కాంతులు కలపడం. కాబట్టి అంకెలను ముందు కాంతి పరిమాణాలుగా మార్చి, కలిపి, మళ్ళీ అంకెలుగా మార్చాలి. కొత్త ప్రమాణంలో ఆ వీలు కూడా ఉంది. ఏ లెక్కలో కలపాలో పేజీ వ్రాసేవారే చెప్పవచ్చు. సఫారీలో 2022 డిసెంబరు నుంచి, క్రోమ్‌లో 2023 మార్చి నుంచి, ఫైర్‌ఫాక్స్‌లో 2024 జూన్ నుంచి ఈ సౌకర్యం ఉంది. నా మూడో వరుస ఇదే. మిత్రుడి ఫోనులో బ్రౌజరు కొత్తది, ఆ వరుస దానికి అర్థమైంది. కాంతి లెక్కలో నాలుగో అంకె మీద వచ్చే రంగు సుమారు 126, 150, 45. నాయన ఫోనులో చోటు లేక బ్రౌజరును ఏళ్ళ తరబడి అప్‌డేట్ చేయలేదు. దానికి ఆ వరుస అర్థం కాలేదు, వదిలేసి రెండోది పట్టుకుంది.

ఇప్పుడు రెంటినీ పక్కపక్కన పెట్టండి. 88, 132, 42 ఒకవైపు; 126, 150, 45 మరోవైపు. రెండోది బాగా లేతది, పసుపు ఎక్కువ. ఆకు మాత్రం ఒక్కటే. ముదురు రంగు పక్కన పెడితే ఆకు లేతగా కనిపించింది, యూరియా వేయమంది. లేత రంగు పక్కన పెడితే ముదురుగా కనిపించింది, వద్దంది. కొసలు రెండింటిలోనూ ఒకటే కాబట్టి పైపైన చూసేవారికి అనుమానమే రాదు.

వీటిలో ఏది ఒప్పు? రెండూ ఒప్పే, రెండూ తప్పే! రెండు బ్రౌజర్లూ తమకు అర్థమైన వరుసను తప్పు లేకుండా గీశాయి. కానీ నేను ఎంచుకున్న కొస రంగులు కంటికి నచ్చి పెట్టినవి, ఏ ప్లాస్టిక్ పట్టీతోనూ కొలిచి పెట్టినవి కావు. ఇక నడుమ నాలుగో రంగు ఏ చేనుకు సంబంధించినది? మిత్రుడి ఫోను ఒప్పు చెప్పడం కాకతాళీయమన్నది ఇందుకే. కన్ను తేడాను గ్రహించే తీరుకు దగ్గరగా ఉండే ఓకేల్యాబ్ అనే మరో లెక్క కూడా ఉంది. దాన్ని 2020లో బ్యోర్న్ ఒట్టోసన్ అనే ఆయన ప్రకటించాడు. దానితో కలిపితే నాలుగో గడికి ఇంకో పచ్చ వచ్చేది. ఎన్ని లెక్కలో అన్ని పచ్చలు.

ల్యాబులో కనిపించిన గీతలు

ఇంత జరిగాక పట్టుదల పెరిగి, మూడు నాలుగు అంకెల నడుమ భాగాన్ని మాత్రం పెద్దది చేసి ల్యాబు కంప్యూటరు తెరనిండా పరిచాను. అక్కడ మెత్తని మార్పుకు బదులు నిలువు గీతలు కనిపించాయి, సరిగా దున్నని చేనులో చాళ్ళ మాదిరి.

దీనికి లెక్క చాలా సులువు. మూడో అంకె మీద రంగు 122, 158, 48. నాలుగో అంకె మీద 88, 132, 42. అంటే ఎరుపుకు 34 మెట్లు, ఆకుపచ్చకు 26, నీలానికి 6. తెర వెడల్పు 1920 చుక్కలు. ఉన్న మెట్లు అంతే కాబట్టి ఆకుపచ్చ ఒక్కొక్క మెట్టు సుమారు 74 చుక్కల మేర కదలకుండా ఉంటుంది. ఎరుపు మెట్టు సుమారు 56 చుక్కలు, నీలం మెట్టు 320 చుక్కలు. మూడూ వేరు వేరు చోట్ల మెట్టు దిగుతాయి. ప్రతి దిగుడూ ఒక గీతగా కనిపిస్తుంది. పైగా మన కన్ను అంచులను ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చూపిస్తుంది. దీన్ని 1865లో ఎర్నెస్ట్ మాక్ వివరించాడు. ధ్వని వేగానికి సంబంధించిన మాక్ సంఖ్యలో ఉన్న పేరు ఆయనదే.

కొన్ని తెరలు ఒక్కొక్క రంగుకు 256 మెట్లు కూడా చూపలేవు. చౌక తెరల్లో 64 మెట్లే ఉండి, పక్క మెట్ల మధ్య వేగంగా మారుతూ మిగిలినవి ఉన్నట్టు భ్రమ కలిగిస్తాయి. కొన్ని చోట్ల రంగు మెట్ల సరిహద్దుల్లో చుక్కలను చెదరగొట్టి గీతను మరుగుపరుస్తారు, పత్రికల్లో ఫొటోను చుక్కలతో అచ్చు వేసినట్టు. ఒకచోట చెదరగొడతారు, ఇంకొకచోట చెదరగొట్టరు. కాబట్టి ఒకే పేజీ ఒక తెరమీద నున్నగా, మరో తెరమీద చారలుగా కనిపించడంలో వింత లేదు.

ఇదే కుటుంబానికి చెందిన మరొక తేడా కూడా చెప్పాలి. రంగును మెల్లగా మాయం చేయాలంటే రెండో కొసకు పారదర్శకం అని వ్రాస్తాము. ఆ మాటకు అసలు అర్థం, కనబడని నలుపు. చాలా ఏళ్ళు సఫారీలో ఆ నలుపు కూడా కలుపులో చేరి, నడుమ బూడిద ఛాయ వచ్చేది. మిగతా బ్రౌజర్లలో వచ్చేది కాదు. పేజీ వ్రాసినవాడికి తన ఫోనులో కనబడదు, చూసేవాడికి కనబడుతుంది. మా మామకు జరిగింది కూడా ఇదే కదా.

గద్వాల మగ్గం దగ్గర

మా తరగతి మిత్రురాలిది గద్వాలలో మగ్గం ఉన్న ఇల్లు. ఈ గొడవంతా ఆమెతో చెబితే నవ్వి, "మా నేతలో ఈ చిక్కు రాదు" అంది. ఎందుకు రాదో చూడడానికి వాళ్ళింటికి పోయాను.

గద్వాల చీరకు నడుమంతా నూలు, అంచులు పట్టు. నూలు ఒక రంగు, పట్టు మరో రంగు. ఎడమ అంచుకు ఒక నాడె, నడుమకు ఒక నాడె, కుడి అంచుకు ఒక నాడె. పోగు పోగుకూ నడుమ నాడె దారాన్నీ అంచు నాడె దారాన్నీ ఒకదానిలో ఒకటి మెలిపెట్టి లాగుతారు. దీన్ని కుప్పడం అంటారు. నూలు ఎంతవరకు, పట్టు ఎక్కడి నుంచి అన్నది నేసేవారు పోగుల లెక్కతో నిర్ణయిస్తారు. ఆ హద్దు దగ్గర ఏ రంగు రావాలో మగ్గానికి వదిలిపెట్టరు.

అక్కడ కూర్చొని చూస్తుంటే నేను చేసిన తప్పు తెలిసివచ్చింది. నాకు కావలసినవి ఆరు రంగులు. నేను వ్రాసింది రెండే. మిగిలిన నాలుగూ, అందులోనూ యూరియా వేయాలా వద్దా అని తేల్చవలసిన ఆ నాలుగో రంగు, బ్రౌజరుకు అప్పజెప్పాను. అది ఏ ఊళ్ళో, ఏ ఫోనులో, ఏ ఏటి బ్రౌజరో నాకు తెలియదు. ఆకాశం బొమ్మకైతే అది ఎట్లా కలిపినా అందంగానే ఉంటుంది. కొలబద్దకు ఆ పద్ధతి పనికిరాదు.

హాస్టలుకు వచ్చి గ్రేడియెంటును తీసేశాను. ఆరు గడులు విడివిడిగా పెట్టి, ఒక్కొక్క గడికి మూడేసి అంకెలు నేనే వ్రాశాను. ఒక గడికీ మరో గడికీ మధ్య కలుపు లేదు, గద్వాల అంచు లాగా తెగిన హద్దే. అప్పుడు మూడు ఫోన్ల బ్రౌజర్లూ ఒకే అంకెలు తీసుకున్నాయి. మామ ఫోనులో కూడా గడులు అంకెల వరుసలోనే నిలబడ్డాయి.

ఇంకా మిగిలిన చిక్కు

ఇంతటితో కథ సుఖాంతమని చెప్పాలని నాకూ ఉంది. కాని కాదు. అంకెలు ఒకటైనా తెరలు ఒకటి కావు. ఒక ఫోను తెర రంగులను గాఢం చేసి చూపిస్తుంది. ఒకదానిలో రాత్రిపూట కంటికి హాయి కోసం నీలం తగ్గించే ఏర్పాటు పగలు కూడా తీయకుండా ఉండిపోతుంది. అప్పుడు అన్ని గడులూ పసుపుకు తిరుగుతాయి. మా నాయన ఫోనులో అదీ ఉంది. వెలుగు తగ్గిస్తే ఒక తీరు, పెంచితే ఒక తీరు. అన్నిటికన్నా ముఖ్యం, ఆకు తనమీద పడిన వెలుగును తిప్పి పంపిస్తుంది, తెర తన వెలుగును తానే పంపిస్తుంది. మబ్బు పట్టినా ఎండ కాసినా ప్లాస్టిక్ పట్టీ, ఆకు రెండూ కలిసి మారుతాయి. ఫోను తెర వాటితోపాటు మారదు. అందువల్ల పొలంలో ఫోను తెర ప్లాస్టిక్ పట్టీకి బదులు కాజాలదు.

ఇప్పుడు నా పేజీ ఉంది కానీ, పైన పెద్ద అక్షరాలతో "ఇది పట్టీ వాడడం నేర్చుకోవడానికి మాత్రమే. ఎరువు వేసే నిర్ణయానికి అసలు పట్టీనే వాడండి" అని వ్రాశాను. పది ఆకుల లెక్క, ఒంటి నీడ సంగతి, ఏ వేళకు చూడాలో అందులో ఉన్నాయి. ఆ పని ఫోను బాగానే చేస్తుంది.

వెబ్ పేజీలు తయారు చేసే జూనియర్ మిత్రులకు నాకు తెలిసినంతలో నాలుగు మాటలు. రంగుమీద ఒక నిర్ణయం ఆధారపడి ఉంటే ఆ రంగును మీరే అంకెలతో వ్రాయండి, గ్రేడియెంటుకు వదలకండి. దిక్కు చెప్పవలసి వస్తే డిగ్రీలకు బదులు కుడికి, కిందికి అని మాటల్లో చెప్పే వీలుంది. గుర్తు ఉన్న పాత వరుసలో మాత్రం ఎటు అని కాక ఎక్కడి నుంచి అని వ్రాయాలి, అది మరువకండి. పాతవారి కోసం ఒక వరుస, కొత్తవారి కోసం ఒక వరుస వ్రాస్తే రెండూ ఒకే బొమ్మ గీస్తున్నాయో లేదో రెండు రకాల ఫోన్లలోనూ చూడండి. మీ ఫోనులో చూసి మురిసిపోక, ఇంట్లో అన్నిటికన్నా పాత ఫోను ఎవరిదో కనుక్కొని దానిలో చూడండి. అది సాధారణంగా అమ్మదో నాయనదో అవుతుంది.

ఇక లెక్చరర్లకు ఒక విన్నపం. మన కళాశాలలో పల్లెల నుంచి వచ్చే విద్యార్థులు చాలామంది ఉన్నారు. ఆకురంగు పట్టీలు కొన్ని తెప్పించి భౌతికశాస్త్ర ప్రయోగశాలలో పెడితే, సెలవులకు ఊరికి పోయేటప్పుడు మేము ఒక్కొక్కటి తీసుకుపోయి తిరిగి తెచ్చి ఇస్తాము. వర్ణశాస్త్రం పాఠం చేనుగట్టు మీద కూడా సాగుతుంది.

ఈ యాసంగికి మామ కోసం నేను ఒక ప్లాస్టిక్ పట్టీ సంపాదించాను. సంక్రాంతి సెలవుల్లో నాగర్‌కర్నూల్ పోయి ఇవ్వాలి. ఫోను సంగతి ఆయన ఇంకా మరిచిపోలేదు. "ఈసారన్న నిలువు అడ్డం సరిగ్గ చూసుకొని తేరా అల్లుడా" అన్నాడు.